కనికట్టు – కన్నులకుఁ గట్టుట

తెలుఁగున "కట్టు" అను ధాతువునకుఁ గల ప్రయోగములలో రెండు మిక్కిలి విచారింపఁదగినవి. ఒకటి "కనికట్టు". లేనిదానిని ఉన్నట్లు చూపి, ఉన్నదానిని గప్పిపుచ్చు గారడివాని విద్యకు ఇది పేరు. రెండవది "కన్నులకుఁ గట్టుట". కవి యొక విషయమును వర్ణింపఁగా నది యెదుట నున్నట్లు శ్రోతకుఁ దోఁచినపుడు "కన్నులకుఁ గట్టినట్లు చెప్పినాఁడు" అని మెచ్చుకొందుము. మొదటిదానిని వంచన యని నిందింతుము. రెండవదానిని బ్రతిభ యని కొనియాడుదుము. రెంటను ఎదుట లేని వస్తువే కనఁబడుచున్నది. రెంటికిని ధాతు వొక్కటియే. అట్లయినచో నీ నిందకును నా మెప్పునకును భేదకమెయ్యది? ఈ ప్రశ్నమునకు సమాధానము చెప్పక భ్రాంతిమదాద్యలంకారములను విమర్శింపఁబూనుట గోడ లేక చిత్తరువు వ్రాయఁబూనుట వంటిది.

వ్యాకరణమర్యాదనుబట్టి చూచినచో నీ రెండు ప్రయోగములకును గారకభేదము కలదు. కనికట్టులోఁ గన్ను కర్మము. కట్టువాఁడు గారడివాఁడు, కట్టఁబడునది చూచువాని కన్ను. కన్నులకుఁ గట్టుటలోనన్ననో కన్ను కర్మము గాదు. షష్ఠీవిభక్తియగు "కు" సంప్రదానార్థమునఁ దానిపైఁ జేరినది. వర్ణింపఁబడిన విషయమే కర్తయై తనంతఁ దాను వచ్చి కన్నులకుఁ గట్టుచున్నది. అన్నము తానే యుడుకుచున్నదని సంస్కృతమునఁ జెప్పు కర్మకర్తృప్రయోగము వంటిది యిది. మొదటిదానిలోఁ జూచువాఁడు బద్ధుఁడు, రెండవదానిలో గ్రహీత. భాష యింత భేదమును గుర్తించినది. కాని కన్ను ఏ దశయందుఁ గట్టువడును, ఏ దశయందుఁ బుచ్చుకొనును అనునది భాష చెప్పదు. కంటి స్వభావమును, కంటి వెనుకనున్న మెదడు స్వభావమును విచారించినఁ గాని యది తేలదు.

ఈ విచారమునకు మయసభాఘట్టముకంటె ననువైన లక్ష్యము గానరాదు. రాజసూయానంతరమున దుర్యోధనుఁడు శకునితోఁ గూడ నా సభను జూచుచుఁ దిరుగుచు ముందుగా స్ఫటికపు నేలను నీరనుకొని వస్త్రమును బైకెత్తికొనును. చిన్నవోయి మరలి తిరుగుచు, స్ఫటికమువలె స్వచ్ఛమగు నీరును స్ఫటికకమలములును గల కొలనిని నేల యనుకొని కట్టుబట్టలతో నందుఁ బడును. పిదపఁ దెఱచినట్లు తోఁచిన ద్వారమునఁ దూఱఁబోయి నుదురు తాఁకించుకొనును. మఱియొక ద్వారము మూసియున్నదని తలఁచి యచ్చటనే నిలిచిపోవును. ఇది వ్యాసభారతమందలి క్రమము. నన్నయభట్టారకుఁడు సభాపర్వమును దెనిఁగించిన నాఁటినుండియుఁ దెలుఁగువారికీ కథ సుపరిచితము. 1977లో వెలువడిన "దానవీరశూరకర్ణ" చలనచిత్రమందలి మయసభాసన్నివేశము నేఁటికిని జనులు తలఁచుకొనుచునే యున్నారు.

ఈ ఘట్టముపై రెండు విధములగు నాక్షేపములు వినవచ్చుచున్నవి. "కన్నులున్న రాజు నేలకును నీటికిని భేదమెఱుఁగఁడా? ఇది బాలురను నవ్వించుటకుఁ గల్పించిన వింత గాని స్వాభావికము గాదు" అని కొందఱు. "పాండవులకు లేని భ్రాంతి వీనికే కలుగుటచే నిది మాత్సర్యాంధతకు సంకేతము, కన్ను గాదు, మనసు చెడినది" అని మఱికొందఱు. మొదటివారు ఘట్టమును దక్కువ చేయుచున్నారు. రెండవవారు ఘట్టమును నీతివాక్యముగాఁ గుదించుచున్నారు.

రెండవ యాక్షేపమునకు సమాధానము గ్రంథమునందే కలదు. మయుఁడు సభను నిర్మించిన సందర్భముననే మణిరత్నఖచితమగు నా కొలనిని సమీపించిన రాజులు కొందఱు చూచియు నెఱుఁగఁజాలక యందుఁ బడుచుండిరని మహర్షి చెప్పియున్నాఁడు. ఆ రాజులకు మాత్సర్యము చెప్పఁబడలేదు. కావున భ్రాంతికి హేతువు నిర్మాణకౌశలమేకాని మాత్సర్యము గాదు. మాత్సర్యము భ్రాంతికిఁ గారణము గాదు. భ్రాంతివలనఁ గలిగిన యవమానము మాత్సర్యమున కాజ్యమైనది. పాండవులు పొరపడకుండుటకుఁ గారణము వారి సద్గుణము గాదు, వారి యభ్యాసము. దినదినము నడచిన నేల గనుక వారి యడుగునకది తెలియును. కారణకార్యములను దాఱుమాఱు చేయు విమర్శ యెంత నీతిబోధకమైనను విమర్శ గానేరదు.

ఇఁక మొదటి యాక్షేపము. దీనికి సమాధానము చెప్పుటకు ముందు ఆలంకారికుల మతమును స్మరింపవలెను. భ్రాంతిమదలంకారమునకు సాదృశ్యము మూలము. గాఢమగు దెబ్బ తగిలి మతి చలించినవానికిఁ గలుగు భ్రాంతి యీ యలంకారమునకు విషయము గాదని రుయ్యకుఁడు వారించెను. ముత్యపుఁజిప్పను జూచి వెండి యనుకొనుట వంటి లౌకికభ్రాంతియు నలంకారము గాదు, కవిప్రతిభచేఁ బుట్టినదే యలంకారమని విశ్వనాథుఁడు నియమించెను. ఈ రెండు నియమములును సమంజసములే. కాని యొక శంక మిగులుచున్నది. సాదృశ్యము ఉభయనిష్ఠము. నేల నీటిని బోలినచో నీరును నేలను బోలును. పోలిక రెండువైపుల సమానమై యుండఁగా దుర్యోధనుఁడు మొదట నేలను నీరనియు, వెంటనే నీటిని నేల యనియు నేల తలఁచెను? ఒకమారొకవైపునకును, మఱియొకమారు రెండవవైపునకును మొగ్గుటకు సాదృశ్యము చాలదు. మఱియొక హేతువు కావలెను. ఆ హేతువును నేను "ఎదురుచూపు" అందును. ఈ తెలుఁగుమాటయే యిచ్చట సార్థకము. వస్తువు కంటఁబడకముందే దాని కెదురేఁగి చూచు చూపది.

నైయాయికు లీ హేతువును బొత్తిగా విడిచిపెట్టలేదు. న్యాయసూత్రముల తృతీయాధ్యాయమున స్మృతికిఁ గారణములైనవానిని ఇరువదికిఁ బైగా లెక్కించినారు. వానిలో సాదృశ్య మొకటి మాత్రమే. అభ్యాసము, ఆనంతర్యము, విరోధము, ఇచ్ఛ, ద్వేషము, భయము, అర్థిత్వము మున్నగునవియుఁ గలవు. శుక్తియందు రజతము దోఁచుటకుఁ బూర్వసంస్కారము మేలుకొనవలెనని వారి మతము. ఏ సంస్కారము మేలుకొనునో నిర్ణయించునవి యీ కారణములు. దుర్యోధనునియందు మొదటి భ్రాంతికి హేతువు లోకాభ్యాసము: తళతళలాడుచు లోఁతు గనఁబడునది నీరనుట యెల్లరకు నలవాటు. రెండవ భ్రాంతికి హేతువులు ఆనంతర్యమును విరోధమును: క్షణము క్రిందట నీరనుకొన్నది నేల యయ్యెను గనుక, నిప్పుడు నీరువలె నగపడునదియు నేలయే కావలెనని మనసు ముందుగాఁ దీర్పు చెప్పినది. కొలనిలోని కమలములైనను స్ఫటికమయములగుటచే నీటికి గుఱుతులుగాక శిల్పమునకే గుఱుతులైనవి. ద్వారముల విషయమునను ఇదియే వరుస: మొదట మూసినదానిని దెఱచినదనుకొని దెబ్బ తినెను, దెబ్బ తినినవాఁడు గనుకఁ దెఱచినదానిని మూసినదనుకొని నిలిచెను. నాలుగు భ్రాంతులను రెండు జంటలుగాఁ గూర్చి, ప్రతిజంటయందును రెండవదానిని మొదటిదాని ఫలముగా నిలిపిన యీ క్రమము యాదృచ్ఛికము గాదు. క్రమమును మార్చి చెప్పినచోఁ గథ చెడదు. భ్రాంతియొక్క యుపపత్తి మాత్రము చెడును.

ఈ యుపపత్తి కవికల్పితమా, లోకసిద్ధమా యనునది దృష్టిశాస్త్రమువలనఁ దెలియవలెను. కంటి లోపలి పటలమునందు వెలుఁగును గ్రహించు కణములు పదికోట్ల ప్రాంతమున నున్నవి. వానినుండి మెదడునకుఁ బోవు అక్షినాడియందలి తంతువులు పదిలక్షలకుఁ గొంచెము మీఱును. చేయి చాఁచి చూచినపుడు బొటనవ్రేలి గోరంత మేరయే యొకమారు స్ఫుటముగాఁ గనఁబడును; అందుచేఁ గన్ను సెకండునకు సుమారు మూఁడుమార్లు కదలుచుండును. అయినను మనకు లోకమంతయు నొక్కమాఱే స్ఫుటముగా నున్నట్లు తోఁచును. అక్షినాడి కంటినుండి వెలువడుచోట వెలుఁగును గ్రహించు కణములే లేవు. దీనిని పదునేడవ శతాబ్దమున మారియొట్ అను ఫ్రెంచి విద్వాంసుఁడు కనుఁగొనెను. శంకగలవారు తెల్లకాగితముపై నాలుగంగుళముల యెడమున రెండు చుక్కలు పెట్టి, ఎడమకన్ను మూసి, కుడికంటితో నెడమచుక్కనే చూచుచు, కాగితమును మూరెడు దూరమునుండి మెల్లగా దగ్గఱకుఁ దెచ్చికొని చూడుఁడు. ఒకచోట కుడిచుక్క మాయమగును. అచ్చట నలుపుగాని రంధ్రముగాని కనఁబడదు, తెల్లకాగితమే కనఁబడును. ఆ తెలుపును గన్ను చూడలేదు. ఇరుగుపొరుగును బట్టి మెదడు పూరించినది. పట్టపగలు, ఆరోగ్యవంతమగు కంటితో, మాత్సర్యము లేనివాఁడును లేనిదానిని జూచుచున్నాఁడనుట కింతకంటె నిదర్శనమేల?

జర్మనీదేశీయుఁడు హెల్మ్‌హోల్ట్స్ 1867లో ముగించిన దృష్టిశాస్త్రగ్రంథమున, చూపన్నది మనకుఁ దెలియకయే జరుగు ననుమానమని ప్రతిపాదించెను. కంటఁబడు వెలుఁగు హేతువు, పూర్వానుభవము వ్యాప్తి, వస్తుదర్శనము నిగమనము. 1999లో రాజేశ్ రావు, డానా బల్లార్డు అనువారు ఈ మతమునకు గణితరూపము నిచ్చిరి. వారి యుపపాదనమునుబట్టి మెదడునందలి పైయంతస్తులు క్రిందికిఁ దమ యూహను బంపుచుండును. క్రిందినుండి పైకిఁ బోవునది యూహకు సరిపడని శేషము మాత్రమే. ఇంటి నిత్యవ్యయము నెఱిఁగిన యజమానుఁడు గుమాస్తాతో "రోజువారీ పద్దులు చదువ నక్కఱలేదు, తేడా వచ్చినచోఁ జెప్పుము" అన్నట్లు. ఈ మతము సర్వత్ర సమ్మతము గాకపోయినను, దాని కనుకూలమగు శరీరరచన కలదు. కంటికిని మెదడు వెనుకభాగమునకును నడుమనున్న మజిలీయందుఁ గంటినుండి వచ్చు కూడికలకంటె మెదడు పైపొరనుండి తిరిగివచ్చు కూడిక లధికము. ఎదురేఁగు చూపు ఉపమానము గాదు, శరీరధర్మము.

ఎదురుచూపు ఎంత బలవత్తరమో బొమ్మలు పోయు అచ్చువలనఁ దెలిసికొనవచ్చును. ముఖపు అచ్చును లోపలిప్రక్కనుండి కొంత దూరమునఁ జూచినచో, గుంట పడియుండవలసిన ముక్కు ముందుకు వచ్చినట్లే కనఁబడును. ఆంగ్లేయుఁడు రిచర్డ్ గ్రెగరీ యీ విషయమును విపులముగా విచారించెను. ముఖము లెన్నఁడును గుంటగా నుండవని జన్మమంతయు నభ్యసించిన మెదడు, కన్ను తెచ్చిన సాక్ష్యమును ద్రోసిపుచ్చును. గుంట యని తెలిసికొన్నను ముక్కు ముందుకే యుండును. ఇట్లే 1889లో ముల్లర్ లయర్ చూపిన రెండు రేఖలు సమానములని కొలిచి చూచికొన్న పిదపఁగూడ నొకటి పొడవుగానే తోఁచును.

ఇచ్చట వేదాంతులు చేసిన యొక విభాగము మిక్కిలి యుపకరించును. త్రాటియందలి పాము నిరుపాధికభ్రమ. దీపము దెచ్చి చూచినంతనే తొలఁగును. దాసానిపువ్వు చెంతనున్న స్ఫటికమునందలి యెఱుపు సోపాధికభ్రమ. స్ఫటికము తెల్లనిదని తెలిసియున్నను, పువ్వు చెంత నున్నంత దాఁక నెఱుపు తోఁచుచునే యుండును. అచ్చునందలి ముక్కును, ముల్లర్ లయర్ రేఖలును రెండవ తెగలోనివి. వీనికిఁ బువ్వువంటి యుపాధి మెదడుయొక్క యభ్యాసమే. తెలివి భ్రమను బోఁగొట్టదను మాట మనకుఁ గ్రొత్తది గాదు. ఉపాధి యెచ్చట నున్నదనుట మాత్రము క్రొత్తది.

ఇంతమాత్రముచే సర్వమును మన శాస్త్రములందే కలదని మురియువారి పక్షమును నేను సమర్థించుటలేదు. నైయాయికులు కంటినుండి తేజఃకిరణములు వెలువడి వస్తువును దాఁకుననిరి. అది సరిగాదు. వెలుఁగే వస్తువునుండి కంటికి వచ్చునని పదునొకండవ శతాబ్దమున ఇబ్న్ అల్ హైథమ్ వాదించెను. కంటి లోపలి పటలముపై బింబము పడునని 1604లోఁ గెప్లరు నిరూపించెను. మనవారు కంటి శరీరమును గూర్చి పొరపడిరి. జ్ఞానముయొక్క నడకను గూర్చి మాత్రము నిశితముగా విచారించిరి. రెంటిని వేఱుపఱిచి చెప్పుటయే వారికిఁ జేయు గౌరవము.

జ్ఞానపు నడకను గూర్చి వైయాకరణులు చెప్పినది యొకటి యిచ్చటఁ జెప్పక తప్పదు. వాక్యమును వినునపుడు వర్ణములు క్రమముగా వచ్చిపోవుచుండఁగా, నఖండమగు స్ఫోట మెట్లు తెలియును అను శంకకు భర్తృహరి వాక్యపదీయమున దృష్టాంతముగాఁ జూపునే గ్రహించెను. దూరమునఁ గాని చీఁకటిలోఁ గాని చూచువాఁడు ముందుగా వేఱొకటిగాఁ జూచి పిదప సరిగా నిశ్చయించును. చెట్టును మొదట నేనుఁగనుకొనును. ఆ మొదటి తప్పుచూపులు వ్యర్థములు గావు. అవియే తుదినిశ్చయమునకు మెట్లు. ధ్వనులను వినుటయు నట్టిదే. 1970లో అమెరికాదేశమున రిచర్డ్ వారెన్ అనునతఁడు ఒక మాటలోని ధ్వనిని దీసివైచి యా చోట దగ్గును జేర్చి వినిపించెను. వినినవారు లోపించిన ధ్వనిని వినినట్లే చెప్పిరి. దగ్గు సరిగా నే వర్ణముచోట వచ్చెనో చెప్పలేకపోయిరి. భ్రాంతి జ్ఞానమునకు శత్రువను మాట యంతటను జెల్లదు. పూరింపలేని చెవికి సందడిలో వాక్యమే తెలియదు. ఎదురేఁగలేని కన్నునకు సభయే కనఁబడదు. దుర్యోధనుని పడవైచిన శక్తియుఁ బాండవులను నడిపించిన శక్తియు నొక్కటియే. ఒకఁడు పరుల యింటి యభ్యాసముతో నడచినాఁడు, వారు తమ యింటి యభ్యాసముతో నడచిరి.

ఇంతవఱకుఁ గనికట్టు. ఇఁక కన్నులకుఁ గట్టుట. ఎదుట వెలుఁగు లేకయే లోపలఁ గనఁబడు బొమ్మకును, ఎదుటి బొమ్మకును దూరమెంత? 1910లో షీవ్స్ పెర్కీ అను విదుషి యొక చక్కని పరీక్ష చేసెను. చూచువానిని దెరవైపు చూచుచు నొక యరఁటిపండునో, ఆకునో, పుస్తకమునో మనసునందు భావింపుమనెను. అతఁ డెఱుఁగకుండ నా తెరపై నదే వస్తువుయొక్క మసక బొమ్మను వెనుకనుండి ప్రసరింపఁజేసెను. చూచినవారు దానిని బైబొమ్మగా గుర్తింపక తమ భావనయే యనుకొనిరి. అరఁటిపండును అడ్డముగా భావింపఁబోయినవారు అది నిలువుగాఁ దోఁచుటకు వింతపడిరేగాని తెరను శంకింపలేదు. ప్రభాకరమీమాంసకులు భ్రాంతి యన నొక విపరీతజ్ఞానము గాదు, ప్రత్యక్షమునకును స్మృతికిని గల భేదమును గ్రహింపకపోవుటయే యనిరి. వారి యుదాహరణమున స్మృతి ప్రత్యక్షముగాఁ జెలామణి యగును; పెర్కీ పరీక్షయందుఁ బ్రత్యక్షమే భావనగాఁ జెలామణి యయినది. 2023లో డైక్‌స్ట్రా, ఫ్లెమింగ్ అను లండనునగర పరిశోధకులు ప్రకటించిన పరీక్షలయందు మొదటి విధమే కనఁబడినది: భావించిన రూపమును, చూపఁబడు మసకరూపమును ఒక్కటియైనపుడు జనులు దానిని నిజమని చెప్పుట హెచ్చెను. లోపలిదియు వెలుపలిదియు మెదడునందుఁ గలిసిపోవును. ఆ కలయిక యొక మేరను దాఁటినచో నిజమని తీర్పగును. భేదాగ్రహ మిరువైపులఁ బనిచేయును.

కావున "కట్టు" ధాతువు రెండుచోట్ల నొక్కటిగా నుండుట యుచితమే. కట్టు సరకు రెండుచోట్ల నొక్కటియే: చూచువాని పూర్వసంస్కారము. మఱి భేదమెచ్చట? శంకుకుఁడు నాట్యమును గూర్చి చెప్పిన చిత్రతురగన్యాయము దీనిని విడదీయును. చిత్రపటమందలి గుఱ్ఱమును జూచి "ఇది గుఱ్ఱము" అందుము. అది సమ్యగ్జ్ఞానము గాదు, మిథ్యాజ్ఞానము గాదు, సంశయము గాదు, సాదృశ్యజ్ఞానమును గాదు. ఈ నాలుగింటికి విలక్షణమగు నొక ప్రతీతి. మిథ్యాజ్ఞానమునకు బాధకము గలదు. "ఇది వెండి గాదు" అన్నంతనే చిప్పను బాఱవైతుము. చిత్రతురగమునకు బాధకము లేదు. అది గుఱ్ఱము గాదని మొదటినుండియుఁ దెలిసియేయున్నది, అయినను జూచుచునే యుందుము. కనికట్టు తెలిసినచో నశించును. కన్నులకుఁ గట్టినది తెలిసియే నిలుచును. ఒకటి చూచువాని యెదురుచూపును వాఁ డెఱుఁగకుండ దొంగిలి వానిపైనే ప్రయోగించును. రెండవది దానిని బిలిచి, మన్నించి, పని కప్పగించును. కారకభేదమునకు మూలమిదియే.

అలంకారముల తారతమ్యమును ఈ మార్గమునఁ జెప్పినచో విద్యార్థులకు సుబోధమగును. నేఁడు పాఠశాలలయందు "కాఁబోలు" అను పదము కనఁబడినచో నుత్ప్రేక్ష యనియు, "అనుకొని" కనఁబడినచో భ్రాంతిమంతమనియు వాచకచిహ్నములతోఁ జెప్పి విడిచిపెట్టుచున్నారు. నిజమునకు భేదము మనసు ఎంతవఱకు నొప్పుకొన్నది యనుటలో నున్నది. రెండు కోటులు సమముగా నూఁగినచో సందేహము. భేద మెఱిఁగియే యొకదానిపై నొకటి నారోపించినచో రూపకము. కాదని తెలిసియు మనసు రెండవకోటివైపు మొగ్గినచో నుత్ప్రేక్ష. తెలియక పూర్తిగా నొప్పుకొన్నచో భ్రాంతిమంతము. అందుచే నుత్ప్రేక్ష కవిదిగా నుండవచ్చును. భ్రాంతి మాత్రము పాత్రకే చెందవలెను. కవికే భ్రాంతి గలిగినచో నది యలంకారము గాదు, రోగము.

భామహదండ్యాదులు భావికమను పేరఁ బ్రబంధగుణమునొకదానిని జెప్పిరి. భూతభావివిషయములు ప్రత్యక్షమువలెఁ దోఁచుట దాని లక్షణము. దీనిని బురస్కరించుకొని "బొమ్మ కట్టని పద్యము పద్యమే గాదు" అని తీర్పు చెప్పువారు నేఁడు పెరిగిరి. వీరు తొందరపడుచున్నారు. 1880లో గాల్టను అను నాంగ్లేయుఁడు, ఆ యుదయమునఁ దాము భుజించిన బల్లను మనసునఁ జూడుఁడని పలువురకు లేఖలు వ్రాసెను. ఎదుట నున్నట్లే చూచినవారు కొందఱు. ఏమియుఁ జూడలేనివారు కొందఱు. ఆ చూడలేనివారిలో శాస్త్రజ్ఞు లనేకులు. 2015లో ఆడమ్ జీమన్ ప్రభృతులు ఈ భావనాచిత్రరాహిత్యమునకుఁ బేరు పెట్టి విచారించిరి. ఇట్టివారు జ్ఞాపకశక్తి లేనివారు గారు, కథలను జదివి యానందింపనివారును గారు. అట్టి సహృదయునకు బొమ్మ గట్టదు. రసము మాత్రము గలుగును. కావున బొమ్మ రసమునకు సహకారియే గాని ప్రాణము గాదు. తనకుఁ గనఁబడినదే కొలఁదిగా నితరుల సహృదయత్వమును గొలుచు విమర్శకుఁడు, తన యింటి నేలను నమ్ముకొని పరుల సభలో నడచువాఁడే.

ఇఁక భ్రాంతివర్ణనమును బరీక్షించుటకు నాకుఁ దోఁచిన మూఁడు నియమములను నివేదించెదను. మొదటిది: పోలికతోఁబాటు ఎదురుచూపును జెప్పియుండవలెను, ఎవఁడు చూచినాఁడు, దేనికై వెదకుచుండెను, అంతకు ముందు వాని కేమి జరిగినది అను వానిలో నొకటియైనను సూచితము గావలెను. వెన్నెలను బాలనుకొని పిల్లి నాఁకినదనుట యెన్నిమారులు విన్నను జెల్లుచున్నది. పిల్లి పాలకై తిరుగునది గనుక. రెండవది: భ్రాంతి ఫలవంతము గావలెను, అది పాత్రచేత నొకపని చేయింపవలెను, ఆ పని కథను గదలింపవలెను. మయసభయందు వస్త్ర మెత్తుకొనుట, నీటఁ బడుట, నుదురు తాఁకుట యను చేష్టలచేతనే భ్రాంతి తెలియుచున్నది. ద్యూతపర్యంతమును దాని ఫలము సాఁగుచున్నది. మూఁడవది: పాత్ర పొరపడునపుడు పాఠకుఁడు పొరపడరాదు. నేల నేల యని మనకుఁ దెలిసియుండవలెను; వానికి నీరుగాఁ దోఁచుటయు మనకు సమంజసముగాఁ దోఁపవలెను. ఈ రెండు నొక్కమాఱు సిద్ధించినపుడే పాత్రకుఁ గనికట్టైనది మనకుఁ గన్నులకుఁ గట్టును.

ఈ మూఁటిలో మొదటిది లోపించిన పద్యములు మన ప్రబంధములయందు లేకపోలేదు. తుమ్మెద ముఖమును దామర యనుకొన్నదని నూఱవమాఱు చెప్పినపుడు, ఆ తుమ్మెద దేనికై వచ్చినదో, ఆ వేళ తామరలు ముకుళించెనో లేదో చెప్పని కవి పోలికను మాత్రమే చెప్పుచున్నాఁడు, భ్రాంతిని జెప్పుటలేదు. అట్టిది లక్షణమునకు సరిపడినను లక్ష్యముగాఁ జూపఁదగదు. లక్షణకర్తలు సాదృశ్యము కావలెననిరి; సాదృశ్యము చాలునని వారనలేదు. మయసభాఘట్టమును వింతయని త్రోసిపుచ్చువారును, నీతియని కుదించువారును నాలుగు భ్రాంతుల వరుసను మఱియొకమారు చదివి చూతురుగాక.